ఆకాశంలో వింత వెలుగు, 3వ పాఠం: జానెడుతో కొలత, ఫోన్‌తో టైం

పోయిన పాఠంలో చూసినోళ్లని ఎట్లా అడగాలో చెప్పుకున్నం గదా, వాళ్ల నోట్లో మన మాట పెట్టొద్దు, "పళ్లెం లెక్క ఉండెనా" అని అస్సలు అడగొద్దు. ఇప్పుడు కొలతలు. యూఎఫ్ఓలు, అంటే ఏందో తెల్వని ఎగిరే వస్తువుల ముచ్చట ఆరా తీసే సంఘాల పని సగం ఇక్కడనే పాడైతది, కథలు పోగేసినంత జోరుగా కొలతలు ఎవరూ రాయరు.

మహారాష్ట్రల మన చంద్రపూర్ జిల్లా రాజురా దిక్కు ఒక కాకా వచ్చి "తాటిచెట్టంత ఎత్తుల పోయింది, జీపంత ఉండె" అన్నడనుకోండి. ఆయన అబద్ధం చెప్తలేడు, కానీ చీకట్లో ఉత్త వెలుగు కనపడితే ఎంత దూరముందో కంటికి తెల్వదు, దూరం తెల్వకుంటే సైజు, స్పీడు కూడా తెల్వయి. ఆయన ఖాయంగా చూసింది కోణం, అదే రాయాలె.

చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగొద్దు. చిటికెన వేలు వెడల్పు సుమారు 1 డిగ్రీ, నడిమి మూడు వేళ్లు కలిపితే 5, పిడికిలి 10, వేళ్లన్నీ చాపితే జానెడు 20. నిండు చంద్రుడు అర డిగ్రీనే, చిటికెన వేలు చాటుకే పోతడు, నమ్మకుంటే పున్నమికి చూడండి. మీ చెయ్యి సరిగ్గ కొలుస్తదా లేదా అన్నది ధ్రువ నక్షత్రం చెప్తది, చంద్రపూర్ అక్షాంశం దాదాపు 20 డిగ్రీలు కాబట్టి ఇక్కడ ఉత్తరాన నేల అంచు నుంచి సరిగ్గ జానెడు పైన ఉండాలె.

ఇక కాకాని అదే జాగాల, అదే దిక్కు మొఖం పెట్టి నిలబెట్టండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ మాయమైంది, వేలుతో చూపించమనండి, నడుమ జానెడులు మీరే లెక్కపెట్టండి. "ఎంతసేపు కాకా" అని మాత్రం అడగొద్దు, అందరూ ఐదు నిమిషాలనే అంటరు! మనసుల మళ్ల అదే చూసుకుంట వేలు జరపమనండి, మొదలు "ఆ" అంటడు, ఆఖర్ల "అయిపాయె" అంటడు, మీరు ఫోన్ల స్టాప్‌వాచ్ నొక్కుడే.

డిగ్రీల్ని సెకన్లతో భాగించండి. నడినెత్తి మీదికెళ్లి పోయే విమానం సెకనుకు ఒకటి ఒకటిన్నర డిగ్రీ, భూమి చుట్టు తిరిగే అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) కూడా దాదాపు ఒకటే, అందుకే ఆ రెండిట్ల జనం పొరపాటు పడుతరు, విమానం లైట్లు మిణుకుతయ్, అంతరిక్ష కేంద్రం మిణకదు. ఉల్క సెకనుకు పది పదిహేను డిగ్రీలైనా దూసుకపోతది. 2022 ఏప్రిల్ 2 రాత్రి మన చంద్రపూర్, గడ్చిరోలి ఆకాశంల మంటలు వరుసగా పోతే ఉల్క అన్నోళ్లు చాలామంది, తర్వాత సిందేవాహి తాలూకా లాడ్‌బోరిల మూడు మీటర్ల దాకా ఉన్న లోహపు రింగ్ లెక్కటిది దొరికింది, చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ ముక్కయి ఉంటదని రాకెట్లు, ఉపగ్రహాల లెక్క చూసే ఖగోళ శాస్త్రవేత్త జోనథన్ మెక్‌డొవెల్ చెప్పిండు. అట్లాంటి ముక్కలు సెకనుకు ఏడు కిలోమీటర్ల దాకా, 80 కిలోమీటర్ల ఎత్తున పోతే నెత్తి మీద సెకనుకు ఐదు డిగ్రీలు, అంటే ఉల్క కన్నా మస్తు నిమ్మలం. నేల అంచు దిక్కుంటే ఈ లెక్కలన్నీ ఇంకా తగ్గుతయ్, అది గుర్తుంచుకోండి.

భాగిస్తే సున్నా, అంటే కదలనట్టే ఉండే వెలుగుల కేసులు మస్తుంటయ్. యూఎఫ్ఓ కేసుల ఆరా తీసిన ఆలన్ హెండ్రీ 1,300 పైన రిపోర్టులు తిరగేసి 1979ల పుస్తకం రాస్తే, రాత్రి వెలుగుల్ల నక్షత్రాలు, గ్రహాలే పెద్ద వాటా. శుక్రుడు సూర్యునికి 47 డిగ్రీల కన్నా దూరం పోడు, అర్ధరాత్రి నెత్తి మీద శుక్రుడంటే ఒప్పుకోవద్దు, సాయంత్రం పడమర తెల్లగ దగదగ మెరిస్తే మాత్రం ముందు శుక్రుడేనేమో చూడండి. మన థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీల మీది ఎర్ర లైట్లు మంచుల గాల్లో తేలినట్టు కనపడుతయ్, అవి కూడా సున్నానే.

వచ్చే పాఠం దాకా పని: నాగపూర్ దిక్కు పోయే విమానాలు ఓ నాలుగు పట్టుకొని కొలవండి, ఇంట్లోళ్లని సాక్షులుగ నిలబెట్టి కాసేపైనంక, ఈసారి పరీక్షకే గనక, విమానం ఎంతసేపు పోయిందో అడగండి, స్టాప్‌వాచ్ టైం పక్కన వాళ్లు చెప్పింది రాసుకోండి. దిక్సూచి కూడా దగ్గర పెట్టుకోండి, దాని పని తర్వాతి పాఠంల.