ఆడా మగా కలిసిన బాతుల మంద: మేత, నీళ్లు, కాపు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం పల్లెల్లోనైనా, ఇటు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, సోంపేట వైపైనా సంతలో బాతుల బుట్ట దగ్గర నిలబడితే జత కొనేద్దామనే అనిపిస్తుంది. ఒక మగ, ఒక ఆడ. మంద పాడయ్యేది అక్కడే. గుడ్ల కోసమే అయితే మగబాతు అసలు అక్కర్లేదు, మగతోడు లేకుండానే ఆడబాతు గుడ్డు పెడుతుంది. పిల్లలు తీయాలంటే ఎక్కువ గుడ్లు పెట్టే కాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ రకాలకీ, నాటు బాతులకీ ఐదారు ఆడవాటికి ఒక మగది చాలు. బరువైన పెకిన్ రకానికి నాలుగైదింటికి ఒకటి. 12 ఆడ, 2 మగ అనేది పెరటికి సరిపడే మంద. కింద చెప్పే కొలతలన్నీ ఈ 14 బాతులకే.

మగవి ఎక్కువైతే దెబ్బ ఆడవాటి మీద పడుతుంది. జత కట్టేటప్పుడు మగది ముక్కుతో ఆడదాని మెడ వెనక పట్టుకుంటుంది. వారానికోసారి ఆడబాతుల్ని చేతిలోకి తీసుకుని తల వెనక ఈకలు విడదీసి చూడండి. ఈకలు పలచబడి తోలు కనిపించినా, ఈక మొదళ్ల దగ్గర నెత్తురు చుక్కలు గట్టిపడినా, వీపు మీద గీరుడు గాయాలున్నా మగవాటిని వెంటనే వేరు చేయాలి. వెదురు తడిక అడ్డంపెట్టి రెండు మూడు వారాలుంచితే ఈకలు మళ్లీ మొలవడం మొదలవుతుంది. ఆడవి కంటపడకుండా ఉంటే మగబాతులన్నీ ఒకే దొడ్లో పెద్దగా పోట్లాడుకోకుండానే ఉంటాయి. మగబాతుల్ని కోడిపెట్టల మధ్య మాత్రం వదలొద్దు. వాటి అంగం బయటికి పొడుచుకొచ్చేది, కోడిపెట్టకు లోపల గాయమై చచ్చిపోవచ్చు.

పట్టుకునేటప్పుడు కాలో రెక్కో పట్టి ఎత్తకండి, ఇట్టే విరుగుతాయి. మెడ మొదట్లో మెత్తగా పట్టి, రెండో చెయ్యి పొట్ట కింద వేయాలి.

ఏది మగ, ఏది ఆడ అన్నది గొంతును బట్టి తెలుస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి గట్టిగా ‘బ్యాక్ బ్యాక్’ అని అరిచేది ఆడది, బొంగురుగా గొణిగేది మగది. మూడు నాలుగు నెలలకు మగదాని తోక మీద ఈకలు పైకి సుడి తిరుగుతాయి. మస్కోవీ అనే రకానికి ఈ సుడి ఉండదు, అందులో మగది ఆడదానికన్నా చాలా పెద్దగా ఉంటుంది, ముఖం చుట్టూ ఎర్రటి బుడిపెలు ఎక్కువ. మస్కోవీని మామూలు బాతుతో కలిపితే పిల్లలు పుడతాయి గానీ అవి గొడ్డువే. మాంసానికి తప్ప మందను పెంచుకోవడానికి పనికిరావు.

ఇక మేత. కలిసిన మందలో చిక్కంతా కాల్షియంతోనే. గుడ్లు పెట్టే ఆడదానికి కాల్షియం బాగా కావాలి, మగదానికి అంత అవసరం లేదు. కోళ్ల షాపులో దొరికే లేయర్ మేతను (గుడ్లు పెట్టే కోళ్ల కోసం కాల్షియం ఎక్కువ వేసి చేసేది) అందరికీ ఒకే తొట్టిలో పోస్తే మగబాతుల మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. అందుకని మేత అందరికీ ఒకటే పెట్టి, కాల్షియం కోసం గుల్లను మాత్రం వేరే చిప్పలో ఉంచాలి. ఎవరికి కావాల్సింది వాళ్లే తింటారు. గెడ్డల్లో, చెరువుల్లో దొరికే నత్తగుల్లలు, ఆలిచిప్పలు కడిగి ఎండబెట్టి, సగం నూక గింజంత ముక్కలయ్యేలా దంచండి. మెత్తటి పొడి చేస్తే తడి ముక్కుకు అంటుకుని వృథా అవుతుంది. ఇంటికి వేసే సున్నం పొడి ఎప్పుడూ పెట్టకండి, నోరూ పేగూ కాలిపోతాయి. తోలుగుడ్లు వస్తుంటే ఆ చిప్ప ఖాళీగా ఉందేమో ముందు చూసుకోవాలి.

పెద్ద బాతులకు 10 కిలోల మేత ఇలా కలుపుకోవచ్చు: నూకలు 3.5 కిలోలు, చోళ్లు 1.5 కిలోలు, తవుడు 2.5 కిలోలు, సోయా చెక్క 1.5 కిలోలు, ఉప్పు వేయని ఎండు చేపల పొడి 800 గ్రాములు, కోళ్ల ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు. మాంసకృత్తులు 17 శాతం దగ్గర పడతాయి, గుడ్లకీ మగవాటికీ సరిపోతాయి. ఉప్పు చేపలు వేస్తే మాత్రం నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. కడిగి వేద్దాంలే అనుకోవద్దు, ఉప్పు పూర్తిగా పోదు. తవుడు కొత్తగా ఆడించినదే కావాలి, రెండు మూడు వారాలు నిలవుంటే ముక్క వాసనొస్తుంది.

బయట తిరగకుండా దొడ్లోనే ఉంటే తలకు రోజుకు 150 గ్రాముల లెక్కన 2.1 కిలోలు, రెండు పూటలా. పగలంతా మడుల్లో నత్తలు, పురుగులు ఏరుకు తింటుంటే సాయంత్రం ఒక్కపూట తలకు 65 గ్రాములు చాలు, 10 కిలోలు పదకొండు రోజులొస్తాయి. వరికోతలయ్యాక రాలిన గింజలు దండిగా ఉన్న రోజుల్లో ఇంకా తగ్గించొచ్చు. సాయంత్రం మేత పూర్తిగా మానకండి. ఇంటికొచ్చే అలవాటు దానితోనే నిలుస్తుంది.

మేత పొడిగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. ముద్ద కట్టేంత నీళ్లు కలపాలి, గంటలో అయిపోయేంతే వేయాలి. మిగిలితే పారేయాలి, ఎండాకాలంలో పూటలోనే పులుస్తుంది. పక్కనే 5, 6 అంగుళాల లోతు నీళ్ల తొట్టి ఉండాలి. ముక్కు రంధ్రాలు మునిగేలా తలపెట్టి కడుక్కోకపోతే మేత బెజ్జాల్లో గట్టిపడి, కళ్లు పుసికట్టి మూసుకుపోతాయి. ఈతకు చెరువు ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునిగేదేం లేదు.

పిల్లలకు మొదటి మూడు వారాలు 20 శాతం మాంసకృత్తుల మేత కావాలి. కోడిపిల్లల కన్నా వీటికి నియాసిన్ అనే బి విటమిన్ బాగా ఎక్కువ పడుతుంది, కిలో మేతలో 55 మిల్లీగ్రాములు. తక్కువైతే కాళ్లు వంకరపోయి, మడమ కీళ్లు ఉబ్బి, కూలబడిపోతాయి. అన్నం, నూకలతోనే పెంచే పిల్లల్లో ఇది మామూలే. కుంటడం మొదలైన రోజే పశువుల ఆసుపత్రిలో అడిగి నియాసిన్ ఉన్న బి-కాంప్లెక్స్ నీళ్లలో కలిపి ఇవ్వండి, కీలు వంగిపోయాక తిరిగి రాదు.

బూజు సంగతి గట్టిగా చెప్పాలి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ బాతుకు విషమే, కోడి తట్టుకునే మోతాదుకే బాతు కాలేయం పోతుంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుఫాను తర్వాత తడిసి రంగు మారిన ధాన్యం, మొక్కజొన్న చవగ్గా వస్తాయి. కొనకండి. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. వేరుశనగ తెలగపిండిలో బూజు కంటికి కనపడకపోవచ్చు, అందుకే పైలెక్కలో దాన్ని చేర్చలేదు.

పడుకునే సాలకు తలకు 3, 4 చదరపు అడుగులు, నేల మీద మూడంగుళాల ఊక. తడిసిన ఊక వెంటనే తీసేయాలి. ముంగిస, బావురుపిల్లి, నక్క దూరకుండా సందులు మూయండి. మూడు ఆడవాటికి ఒక గుడ్ల పెట్టె, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. గుడ్లు తెల్లవారుజామునే పెడతాయి కనక పొద్దున తొమ్మిదింటికి ముందు వదలొద్దు, గుడ్డు మడిలోకి పోతుంది. మందు కొట్టిన మడిలోకీ, గుళికలు చల్లిన మడిలోకీ వదిలితే బాతులన్నీ ఒక్కపూటలో చచ్చిపోతాయి, చుట్టుపక్కల రైతుల్ని ముందే అడిగి తెలుసుకోండి. వేసవిలో అడుగంటిన చెరువులో చేపలు చచ్చి తేలితే అక్కడికి కూడా పోనీయొద్దు. మెడ వాలిపోయి, లేవలేక చచ్చేది ఆ నీళ్ల విషంతోనే. డక్ ప్లేగు (బాతులకు వచ్చే అంటురోగం) టీకా రెండు మూడు నెలల వయసులో వేయించాలి.

పొదిగించే గుడ్లు మగది మందలో చేరిన పది రోజుల తర్వాతే ఏరుకోండి. కాకీ క్యాంప్‌బెల్ సాధారణంగా పొదగదు, నాటు కోడిపెట్ట కింద ఎనిమిది, పది గుడ్లు పెట్టాలి. పెట్ట పెద్ద గుడ్లను సరిగ్గా తిప్పలేకపోతే మీరే రోజుకు రెండుసార్లు తిప్పి, చివరి వారం గోరువెచ్చటి నీళ్లు చిలకరించండి. 28 రోజులకు పిల్లలొస్తాయి, మస్కోవీకైతే 33 నుంచి 35. ఆ పిల్లల్లోంచి మగదాన్ని అదే మందకు ఉంచుకోకండి, పక్క ఊరివాళ్లతో మార్చుకోండి. కొత్త రకం కావాలంటే భువనేశ్వర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థలో కాకీ క్యాంప్‌బెల్ గురించి అడగొచ్చు. ఒడిశా నాటు రకం కుజీ కూడా ఇక్కడి వాతావరణానికి సరిపడేదే. మిగులు మగ బాతుపిల్లల్ని తోక సుడి తిరిగిన వెంటనే సంతకు పంపేయండి. ఐదు నెలలు దాటితే మేత ఖర్చు తప్ప బరువు పెద్దగా పెరగదు, పైగా ఆడవాటి మెడలు పీకడం మొదలుపెడతాయి.