విజిల్ పట్టుకుందాం – 4వ పాఠం: బాక్సులో తగిలితే పెనాల్టీయేనా?

"సార్, టచ్ అయింది సార్!" రిఫరీగా విజిల్ మెడలో వేసుకున్న మొదటి రోజే ఈ కేక మీకు వినపడుతుంది. టచ్ అయ్యే ఉంటుంది. కానీ ఫుట్‌బాల్ ఒళ్ళూ ఒళ్ళూ తగిలే ఆట. తగలడం ఒక్కటే నేరమైతే ప్రతి కార్నర్‌కీ పెనాల్టీ ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి "తగిలిందా?" దగ్గర ఆగిపోకండి. "ఎవరు, ఎలా తగిలారు? దానివల్ల ఏమైంది?" అని అడగండి.

ఆట నియమాల్లో 12వది ఫౌల్స్ గురించి. తన్నడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, టాకిల్ (కాలు చాచి బంతి లాక్కోబోవడం) లాంటివాటిని అది మూడు మెట్లుగా చూస్తుంది. చూసుకోకుండా చేస్తే ఫౌల్ మాత్రమే, కార్డు లేదు. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా దూకితే పసుపు కార్డు, అంటే హెచ్చరిక. బలం మితిమీరితే ఎరుపు, ఆట నుంచి బయటికే. తన గోల్ ముందు గీసిన బాక్సులో డిఫెండర్ చేస్తే మొదటి మెట్టుకే పెనాల్టీ. "కావాలని చేయలేదు సార్" అన్న మాట ఇక్కడ చెల్లదు. చొక్కా పట్టి లాగితే అసలు మెట్ల లెక్కే లేదు, పట్టుకుని ఆపితే చాలు.

ఇప్పుడు కాళ్ళ దగ్గరికి రండి. స్ట్రైకర్ బంతిని ఎడమవైపు తోశాడు. డిఫెండర్ చాచిన కాలు బంతిని అందుకోలేదు, అక్కడే ఉండిపోయింది. పరిగెత్తే దారిలోనే స్ట్రైకర్ పాదం దానికి తట్టుకుంది. పెనాల్టీ. ఇదే సీన్ ఇంకోలా చూడండి. డిఫెండర్ కాలు వెనక్కి తీసేసుకున్నాడు, స్ట్రైకరే తన వెనక కాలును దారి తప్పించి దాని మీదికి ఈడ్చాడు. తగలడం తగిలింది, కానీ తగిలించుకున్నది అతనే. ఫౌల్ లేదు. రిఫరీని మోసం చేయడానికే చేశాడని తేలితే పసుపు కార్డు అతనికే. ఈ రెంటి మధ్య తేడా ఒక జానెడు. ఆడినవాళ్ళకు ఇది త్వరగా పట్టుబడుతుంది. భారత జట్టుకు కోచ్‌గా చేసిన మన హైదరాబాద్ రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. ఆటగాడే రిఫరీ అయ్యే ఆ దారి మన నగరానికి కొత్త కాదు.

మన టర్ఫ్‌ల మీద బాగా పాతుకుపోయిన నమ్మకం ఇంకొకటి ఉంది: "ముందు బంతికే తగిలింది, ఇంక ఫౌల్ ఏంటి?" నియమాల్లో అలాంటి మినహాయింపు లేదు. బంతిని తాకి, అదే ఊపులో ఎదుటివాడి మడమ మీదికి బూటు దించితే అది ఫౌలే.

భుజం సంగతి తేలిక. చెయ్యి ఒంటికి ఆనించి, బంతి కోసం భుజంతో పోటీ పడితే ఆడనివ్వండి. మోచెయ్యి తెరుచుకున్నా, అరచెయ్యి వీపు మీదికి వచ్చినా జాగ్రత్తగా చూడండి.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. పిల్లల మ్యాచ్‌లో ముప్ఫై మీటర్ల వెనక ఉండి, 'టప్'మన్న చప్పుడు విని పెనాల్టీ ఇచ్చాను. ఆ కుర్రాడు పరుగులో తన పిక్కకు తానే తన్నుకున్నాడట. మ్యాచ్ అయ్యాక డిఫెండర్ వచ్చి, "నేను తగల్లేదు సార్" అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ. అప్పటినుంచి చప్పుడుకు విజిల్ వేయలేదు. పక్క కోణం నుంచి రెండు జతల కాళ్ళ మధ్య ఖాళీ కనపడితేనే వేస్తాను.

ఫౌల్ ఎక్కడ జరిగిందన్నదీ ముఖ్యమే. పడిన చోటు కాదు, తగిలిన చోటు చూడాలి. గోల్‌లైన్ నుంచి 16.5 మీటర్ల దూరంలో ఉన్న సున్నపు గీత కూడా బాక్సులో భాగమే. బయట మొదలైన చొక్కా లాగుడు లోపలికీ సాగితే పెనాల్టీయే.

ఈ వారం అభ్యాసం: గచ్చిబౌలి వైపో మీ పేటలోనో ఆదివారం ఆట చూస్తూ, గోల్ పక్కన ఫోన్ పెట్టి పది టాకిల్స్ రికార్డు చేయండి. ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి స్లో మోషన్ వాడండి. ఎంత గట్టిగా తగిలిందో మాత్రం మామూలు వేగంలోనే చూడండి, స్లో మోషన్‌లో చిన్న తాకిడి కూడా ఘోరంగా కనపడుతుంది. నోట్‌బుక్‌లో ఒక్కోదానికి ఒకటే వాక్యం రాయండి: ఎవరి కాలు ఎవరి దారిలోకి వచ్చింది? ఆ పది వాక్యాలూ దగ్గర పెట్టుకోండి, చెయ్యికి బంతి తగిలే 5వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.