పాత విదేశీ నోట్ల విలువ తెలుసుకునే ముందు జాగ్రత్తలు

• నోటును కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, చిరుగుకు టేప్ అంటించొద్దు. నోట్లు సేకరించేవాళ్లు దీన్ని చూడగానే పట్టేస్తారు. మురికి నోటుకైనా ఎంతో కొంత ధర వస్తుంది కానీ, ఇలా పాడైన విలువ మళ్లీ తిరిగిరాదు.

• మార్పిడి గడువు ఉందా? ఆ దేశపు కేంద్ర బ్యాంకు వెబ్‌సైట్‌లోనే చూడండి, ఎవరో చెప్పింది నమ్మి పారేయకండి. జర్మనీ పాత కరెన్సీ మార్కులను ఆ దేశపు కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ ఇప్పటికీ ఏ గడువూ లేకుండా యూరోల్లోకి మారుస్తోంది. ఫ్రాన్స్ పాత కరెన్సీ ఫ్రాంకులకు మాత్రం 2012 ఫిబ్రవరితోనే తలుపులు మూసుకుపోయాయి.

• సున్నాలు తీసేశారేమో చూడండి. టర్కీ 2005లో ఆరు సున్నాలు కొట్టేసింది. పాత పది లక్షల లీరాలంటే కొత్త లెక్కలో ఒక్క లీరా. నోటు మీది అంకెను కరెన్సీ కన్వర్టర్‌లో నేరుగా కొడితే లెక్క పూర్తిగా తప్పుతుంది.

• ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడగొచ్చు.

• సంవత్సరం, సంతకం, సీరియల్ నంబర్ రాసిపెట్టుకోండి. ఒకే డిజైన్ నోటుకైనా వీటిని బట్టి ధర చాలా మారుతుంది.

• జింబాబ్వే 100 ట్రిలియన్ డాలర్ల నోటు లాంటి వాటికి నకిలీలు ఎక్కువ. అనుభవమున్న వాళ్లకు చూపించాకే బేరం.