ఇల్లంతటికీ ఒకే యాక్సెంట్ రంగు: డబ్బా తెరిచే ముందు

హాల్లో కుషన్లు, వంటింట్లో ఒక అలమర తలుపు, పడగ్గదిలో కర్టెన్ అంచు. ఇలా అక్కడక్కడా కొద్దిగా మెరిపించే రంగునే యాక్సెంట్ రంగు అంటారు. అది ఒకటే గదిగదికీ కనిపిస్తే ఇల్లంతా ఒక్కటిగా ఉంటుంది. పెయింటర్‌ని పిలిచే ముందు ఇవి చూసుకోండి.

– ముందు మార్చలేనివి చూడండి: ఫ్లోరింగ్, వంటగట్టు గ్రానైట్, తలుపుల పాలిష్. కొత్త రంగు వాటితో కలవాలి.

– షేడ్ కార్డు చూసి ఖాయం చేయొద్దు. చిన్న సాంపిల్ తెచ్చి పెద్ద అట్టముక్క మీద రెండు కోట్లు వేయండి. ఆరాక ప్రతి గదిలో గోడకి ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. ఉదాహరణకి 6500 కెల్విన్ (బల్బు వెలుగు రంగుకి కొలత) తెల్ల ఎల్‌ఈడీ కింద పసుపు రంగు పాలిపోయినట్టుంటుంది, 3000 కెల్విన్ బల్బు కింద అదే వెచ్చగా కనిపిస్తుంది. గదికో రకం బల్బు ఉంటే ఒకే రంగు వేసినా ఒకేలా కనబడదు. అందుకే ముందు బల్బులు ఒకే రకానివి పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదేనని నా అభిప్రాయం.

– విజయవాడ ఎండ సంగతి తెలిసిందే. పడమటి కిటికీ దగ్గర ముదురు రంగు కర్టెన్లు త్వరగా వెలిసిపోతాయి, లైనింగ్ వేయించండి.

– చెమ్మ గోడకి ముందు లీకేజీ ఆపండి, రంగు తర్వాత.

– మోతాదు మించొద్దు. డిజైనర్లు 60-30-10 అంటారు: గదిలో ప్రధాన రంగు 60 శాతం, తోడు రంగు 30, యాక్సెంట్ 10 మాత్రమే.

– అనుమానంగా ఉంటే గోడ జోలికి పోకుండా బట్టతో మొదలుపెట్టండి. మంగళగిరి చేనేత బట్టతో కుషన్ కవర్లు కుట్టించుకుంటే ఎంతో బాగుంటాయి. మొదటిసారి విడిగా ఉతకండి.

– పెయింట్ అన్ని గదులకీ సరిపడా ఒకేసారి కొని, షేడ్ కోడ్, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి ఉంచుకోండి.