పత్రికకు పంపిన కథ తిరిగొచ్చిందా? తేడా ఎక్కడ కొట్టిందో చూద్దాం

మొదటి పేజీ దాటి ఎవరూ చదవట్లేదు

చాలాసార్లు కారణం ఒకటే, అసలు సంగతి రాకముందే కథ ఎత్తుకోవడం. 'తెల్లవారుజామున అయిదైంది. అలారం మోగింది. రాధ లేచి కిటికీ తెరిచింది, చల్లగాలి మొహానికి తగిలింది...' ఇలా అరపేజీ నడిచాక గానీ రాధ మొగుడు రాత్రంతా ఇంటికి రాలేదని తెలియదు. ఆ అరపేజీ కొట్టేయండి. 'పాలవాడు వచ్చి వెళ్లాడు గానీ అతను మాత్రం రాలేదు' అని మొదలుపెడితే పొద్దున్నే అని వేరే చెప్పక్కర్లేదు, ఆమె ఆరాటమూ అందులోనే ఉంది.

చివర్లోనూ ఇదే తంతు. ఆఖరి పేరాలో ఎవరో ఒకరి చేత నీతి చెప్పించడం మనలో చాలామందికి అలవాటు (చిన్నప్పటి నీతికథల పుణ్యమేమో). ఆ పేరాని చేత్తో మూసి కథంతా మళ్లీ చదవండి. అర్థమైతే అది అక్కర్లేదు, అర్థం కాకపోతే లోపం పైనెక్కడో ఉంది, దాన్ని అక్కడే సరిచేయాలి.

మాటలు అతకట్లేదు అంటున్నారు

కూరగాయల బండి తోసుకునే మనిషి 'నేను తీవ్ర మనస్తాపానికి గురయ్యాను' అంటాడా? సంభాషణలన్నీ ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, ఎక్కడ నవ్వొస్తే అక్కడ మార్చాలి. ఇక మాండలికం సంగతి. సినిమాలు చూసి నేర్చుకున్న యాసతో రాస్తే ఆ ఊరివాళ్లు రెండో వాక్యంలోనే పట్టేస్తారు. మీది గుంటూరు, పాత్రది కరీంనగర్ అయితే అక్కడి మనిషి చేత ఒకసారి చదివించకుండా పంపకండి.

రాసినవన్నీ ఒకేలా ఉంటున్నాయి

చదివేది తక్కువ, రాసేది ఎక్కువ అయినప్పుడు ఇలాగే ఉంటుంది. కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం అనే కథల గ్రంథాలయానికి ఉన్న వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు వేలల్లో ఉచితంగా దొరుకుతాయి. ఏ కథ నచ్చినా, అందులో రచయిత ఏం చెప్పకుండా వదిలేశాడో చూడండి.

పంపి నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు

దీనికి కారణాలు బోలెడు, సగం కథతో సంబంధం లేనివే. మొదట ఫాంట్: మీరు 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసి పంపితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అది పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, దాన్ని బాగుచేసుకుని చదివే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో, వర్డ్ ఫైలుగా పంపండి, పీడీఎఫ్ అడిగితేనే ఇవ్వండి. తర్వాత హామీపత్రం. కథ మీ సొంతమనీ, అనువాదమూ అనుకరణా కాదనీ, ఇంకెక్కడా అచ్చవలేదనీ, ఎక్కడా పరిశీలనలో లేదనీ రాసివ్వడం చాలా పత్రికల నియమం, అది లేకపోతే కథ పక్కకెళ్లిపోవచ్చు. ఇంకొకటి, పాత చిరునామాల జాబితా పట్టుకుని పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విపుల, చతుర పత్రికలు 2021లోనే ఆగిపోయాయి కదా! తాజా సంచిక చూసి, అందులోని నిబంధనలు చదివి, అప్పుడు పంపండి.

ఇవన్నీ సరిగ్గానే చేసినా జవాబు రాకపోవచ్చు. నిబంధనల్లో గడువు ఉంటే అది దాటేదాకా ఆగండి. ఆపైన 'నా కథను వెనక్కి తీసుకుంటున్నాను' అని ఒక మెయిల్ కొట్టి మరోచోటికి పంపండి. ఒకేసారి రెండు చోట్లకు పంపి, రెండింట్లోనూ వచ్చేస్తే ఆనందం ఒక్క రోజే, ఆ తర్వాత ఇద్దరు సంపాదకులూ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ఫేస్‌బుక్‌లో బోలెడు లైకులు, పత్రిక మాత్రం వద్దంది

చాలా పత్రికలకూ పోటీలకూ సోషల్ మీడియాలో పెట్టిన కథ కూడా అచ్చయినట్టే లెక్క. పోటీకి పంపాలనుకున్న కథను వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిప్పకండి. లైకులే కావాలంటే అక్కడికోసం వేరే రాసుకోండి, తప్పేం లేదు.

'సంకలనంలో వేస్తాం, కొంత కట్టండి' అంటున్నారు

అలాంటి చోట కథ ఎంపికయిందని మురిసిపోకండి, మీ డబ్బుతో మీ కథ అచ్చు వేసుకుంటున్నారంతే. కట్టాలనిపిస్తే ఎన్ని కాపీలిస్తారో, కథ హక్కులు ఎవరివో ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబు నాన్చితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.