డీబగ్గర్‌లో విలువలు మార్చే ముందు జాగ్రత్తలు

రుషికొండ ఐటీ హిల్స్‌లో కొత్తగా పనిలో చేరినవాళ్ల కోసం ఇది. డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, లోపలి విలువలు చూసి, మార్చే సాధనం. విశాఖ–అరకు బస్సు టికెట్ల కోడ్ అనుకోండి. "సీట్లు లేవు" అనే దారి పరీక్షించాలి. బస్సు నిండేదాకా ఆగక్కర్లేదు, బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగాలని మనం గుర్తుపెట్టిన లైను) దగ్గర ఆపి మిగిలిన సీట్ల విలువ 0 చేస్తే చాలు. ముందు ఇవి చూసుకోండి.

☐ ఏ డేటాబేస్‌కి కనెక్టయి ఉన్నారు? టెస్ట్‌ది కాకపోతే అక్కడితో ఆపేయండి. మెమరీలో మార్చింది ప్రోగ్రామ్ మూసేస్తే పోతుంది, డేటాబేస్‌లోకి వెళ్లింది పోదు. పేమెంట్లు, ఎస్సెమ్మెస్‌లూ అంతే.

☐ డీబగ్ బిల్డేనా, అంటే డీబగ్గర్‌లో చూడ్డానికి వీలుగా కంపైల్ చేసిందేనా? వేగం కోసం ఆప్టిమైజ్ చేసినదైతే ఆ వేరియబుల్ అసలు లేకపోవచ్చు కూడా.

☐ ఆగిన లైను ఇంకా నడవలేదని గుర్తుంచుకోండి. సీట్లు లెక్కించే లైను మీదే ఆగి 0 పెడితే, అది నడవగానే అసలు లెక్క వచ్చి కూర్చుంటుంది. ఆ లైను దాటాక, సీట్లున్నాయా అని చూసే ఇఫ్ కంటే ముందు మార్చాలి. జీడీబీ అనే డీబగ్గర్‌లో అయితే విలువ మార్చడానికి సెట్ వార్ కమాండ్ వాడండి. ప్రింట్ కమాండ్‌లో పోల్చి చూద్దామని రెండు ఈక్వల్ గుర్తుల బదులు ఒకటే కొట్టారో, విలువే మారిపోతుంది!

☐ జతగా ఉండే విలువలు. సీట్లు 0 చేసి, ఖాళీ సీట్ల జాబితాలో 12 అలాగే వదిలేస్తే, నిజంగా ఎప్పటికీ రాని బగ్ వెంట సాయంత్రం దాకా తిరుగుతారు.

☐ ఎగ్జిక్యూషన్‌ని వేరే లైనుకి దూకించడం నాకైతే నచ్చదు. లాక్ (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళం) వదిలే లైను దాటేస్తే, తర్వాత ఆ లాక్ కోసం వచ్చిన థ్రెడ్, అంటే ప్రోగ్రామ్‌లో పక్కనే నడిచే మరో పని, బిగుసుకుపోతుంది.

☐ టైమవుట్లు (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే గడువులు) పెంచుకోండి. మీరు ఆపినా అవతలి సర్వర్ ఆగదు.

☐ పాత విలువ నోట్ చేసుకోండి. కేసు పనికొచ్చేదైతే యూనిట్ టెస్ట్‌గా (కోడ్‌లో ఒక చిన్న భాగాన్ని పరీక్షించే కోడ్‌గా) రాసేయండి.