చలిదేశపు గోడ – 3వ పాఠం: చెమ్మ ఎక్కడ పడుతుంది?

పోయిన పాఠంలో ఆర్ విలువలు, అంటే ఒక పొర వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకెలు, కూడడం నేర్చుకున్నాం. మూడున్నర అంగుళాల మినరల్ ఊల్‌కు (రాతి పీచు దూది) 15, రెండంగుళాల ఎక్స్‌పీఎస్ ఫోమ్‌కు (గట్టి నురగ పలక) 10. ఈ రెండంకెలూ పక్కన రాసిపెట్టుకోండి.

అమెరికాలో బాగా చలి ఉండే మినియాపొలిస్‌లో మీ అమ్మాయి వాళ్లు ఇంటికి ఒక గది కలుపుకుంటున్నారనుకోండి. అక్కడ చాలా ఇళ్లకు చెక్క గోడలే. నిలువు చెక్కలు, వాటి మధ్య ఊల్, బయటివైపు ప్లైవుడ్, లోపలివైపు జిప్సం బోర్డు.

మే నెలలో మన తిరుపతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు క్షణంలో నీళ్లు పడతాయి కదా. ఆ గోడలో ఆ చెంబు ప్లైవుడ్డే. వంటింటి ఆవిరి, స్నానాల గది ఆవిరి సందుల్లోంచి గోడలోకి దూరి, ప్లైవుడ్ లోపలి ముఖానికి తగిలి నీరవుతుంది. పైకి ఏమీ కనబడదు, లోపల చెక్క మెత్తబడి కుళ్లుతుంది. ఊల్ ఎంత దట్టిస్తే ప్లైవుడ్‌కు ఇంటి వెచ్చదనం అంత తక్కువ అందుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ మాటే ఒక పట్టాన మింగుడుపడదు, అందుకే లెక్క వేసి చూపిస్తాను.

లోపల 20 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం. ఆ గాలి సుమారు 2 డిగ్రీలకు చల్లబడితే నీరు కక్కుతుంది. అదే డ్యూ పాయింట్. బయట మైనస్ 5, అంటే తేడా 25. ఊల్ ఒక్కటే ఉంటే ప్లైవుడ్ కూడా ఇంచుమించు మైనస్ 5 దగ్గరే ఉంటుంది, తడవక తప్పదు. ఇప్పుడు ప్లైవుడ్ బయట రెండంగుళాల ఫోమ్ తొడగండి. మొత్తం ఆర్ 25. డిగ్రీల తేడాను పొరలు తమ ఆర్ విలువల నిష్పత్తిలో పంచుకుంటాయి, కాబట్టి ఆ 25 డిగ్రీల్లో ఊల్ వాటా 15, ఫోమ్ వాటా 10. లోపలి 20లోంచి ఊల్ వాటా 15 తీసేస్తే ప్లైవుడ్ 5 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, డ్యూ పాయింట్ 2 కంటే ఎక్కువ కాబట్టి తడవదు. బోర్డుల సొంత విలువలు చిన్నవి కాబట్టి వదిలేశాను.

ఫోమ్ తొడిగాక లోపల ప్లాస్టిక్ షీటు కొట్టొద్దు. పొరపాటున చెమ్మ దూరితే రెండు వైపులా దారి మూసినట్టవుతుంది. సందులు మాత్రం తప్పక మూయండి, చెమ్మను ఎక్కువగా మోసుకొచ్చేది గాలే.

అక్కడి వీడియోలు చూసి తిరుపతిలో ఏసీ గదికి లోపల ప్లాస్టిక్ కొట్టించేవాళ్లు ఆగండి. ఇక్కడ ఉక్క బయటుంది, చల్లదనం లోపలుంది. ఆవిరి ఎదురు దిక్కున నడుస్తుంది.

అభ్యాసం: బయట మైనస్ 15 అయితే ఫోమ్ ఎన్ని అంగుళాలు కావాలి? రెండుతో మొదలుపెట్టి అంగుళం చొప్పున పెంచి చూడండి. జవాబు, కిటికీ అంచుల పనితో కలిపి, 4వ పాఠంలో.